పారబోసిన గుట్టల్ని మళ్లీ తవ్వండి

కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు దొరక్క మైనింగ్‌లోనో మెటలర్జీలోనో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పెళ్లిళ్లలో చుట్టాలు "ఏ బ్రాంచి?" అని అడిగితే గొంతు తగ్గించి చెప్పేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. ఆ గొంతు ఇక పెంచండి. మీరు అడుగుపెట్టిన ఇంటి చరిత్ర మీకెవరూ చెప్పలేదు. పోయిన నూరేళ్లలో ప్రపంచం వాడిన రాగి, సీసం, జింకులలో ఎక్కువ పాలు గాలిబుడగకు అంటుకుని పైకి తేలివచ్చినవే. ఆ బుడగను పట్టుకోవడానికి మనుషులు పడ్డ పాట్లు తెలిస్తే మీ చదువు మీద మీకే గౌరవం పుడుతుంది.

ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అనే ఊరు ఉంది. ఎడారి అంచున, నీళ్లకు కరువైన చోటు. 1883లో అక్కడ వెండి, సీసం, జింకు కలగలిసిన ఖనిజం బయటపడింది. పైపొరల్లోని రాయి కొలిమికి సులువుగానే లొంగింది. లోతుకు దిగేకొద్దీ సల్ఫైడ్ ఖనిజం ఎదురై కష్టాలు మొదలయ్యాయి. రాయిని దంచి నీటిలో జాడిస్తే బరువైన సీసం ఖనిజం అడుగుకు చేరేది. జింకు ఖనిజం మాత్రం వట్టి రాతి బరువుకు దగ్గరగా ఉండి, ఆ రాతితోపాటే కొట్టుకుపోయేది. అలా పారబోసిన ఇసుక ఊరి పక్కన లక్షల టన్నుల గుట్టలైంది. అందులో 15 శాతానికి పైగా జింకు ఉందని అందరికీ తెలుసు. తీసే దారే ఎవరికీ తెలియదు.

1902 ప్రాంతంలో చార్లెస్ పాటర్, గియోమ్ డెల్ప్రాట్ విడివిడిగా ఆ గుట్టల మీద పడ్డారు. ఆమ్లంలో వేడిచేస్తే పుట్టే వాయువు బుడగలు ఖనిజ రేణువులను మోసుకొస్తున్నాయని గమనించారు. 1905లో లండన్‌లోని మినరల్స్ సెపరేషన్ కంపెనీ పరిశోధకులు అసలు కిటుకు పట్టారు. అప్పటిదాకా చాలామంది ఖనిజాన్ని తేల్చేది నూనేనని నమ్మి, దాన్ని ధారాళంగా పోసేవారు. వీళ్లు మోతాదు తగ్గిస్తూ తగ్గిస్తూ వెయ్యి పాళ్లకు ఒక పాలు లోపుకి దించి, బురదను గట్టిగా చిలికి చూశారు. నూనె తగ్గేసరికి నురగ పొంగి లేచింది! మోసే పని గాలిదని, రేణువుకు పల్చటి పూత పూయడం వరకే నూనె పని అని అప్పుడు తేలింది. బ్రోకెన్ హిల్‌లో ఆ కాస్త నూనె పనికి నీలగిరి తైలం కూడా వాడారు. పారబోసిన గుట్టలే గనులయ్యాయి.

మీ కాలేజీ ల్యాబులో ఇలా బుడగలతో ఖనిజాన్ని తేల్చే తొట్టి, ఫ్లొటేషన్ సెల్, ఉంటే దాని ముందు అరగంట కదలకుండా నిలబడండి. మిల్లీమీటరులో పదో వంతు కంటే సన్నగా నూరిన రాయి నీళ్లలో బూడిదరంగు బురదగా తిరుగుతుంటుంది. టన్ను ఖనిజానికి కొన్ని పదుల గ్రాముల శాంథేట్ సరిపోతుంది. 1925లో కార్నీలియస్ కెల్లర్ పేటెంటు పొందిన ఆ రసాయనాన్ని ప్లాంట్లలో ఇవాళ్టికీ వాడుతున్నారు. అది సల్ఫైడ్ రేణువును పట్టుకుని నీటికి తడవకుండా చేస్తుంది. రెండు చుక్కలు పైన్ ఆయిల్ వేసి గాలి వదలండి. మొదట తెల్లగా, డొల్లగా లేచిన బుడగలు మీరు చూస్తుండగానే మెరిసే సీసపు రంగుకు తిరుగుతాయి. వంగి చూస్తే బుడగ పొర మీద రేణువులు కిక్కిరిసి కనిపిస్తాయి. నురగ అంచు దాటి పళ్లెంలోకి జారుతుంది. పలుగురాయి తడిసి కిందే ఉండిపోతుంది. నురగ రంగు, బుడగ సైజు చూసి మందు ఎక్కువైందో తక్కువైందో చెప్పగల ఆపరేటర్లు ప్లాంట్లలో ఉన్నారు. ఆ చూపు మీకు రావాలి. ఏ వీడియో చూసినా అది రాదు.

ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించిన పేరు క్యారీ ఎవర్సన్. ఈ అమెరికా మహిళ నూనె, ఆమ్లం కలిపి ఖనిజాన్ని వేరుచేసే పద్ధతికి 1886లోనే పేటెంటు తీసుకుంది. పరిశ్రమ దాన్ని అందుకోలేదు. గడువు తీరిపోయాక అదే దారిలో ఇతరులు సంపదలు గడించారు. చెల్లెళ్లూ, మన దేశంలో 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి దిగనివ్వలేదు. 2019లో ఆ తలుపు తెరుచుకుంది. ఎవర్సన్‌కు దక్కనిది మీరు దక్కించుకోవాలి. గని లోపలా, ల్యాబులోనూ మీ పేరుతోనే దక్కించుకోవాలి.

బుడగ పనిచేస్తోంది సరే, ఎందుకు పనిచేస్తోంది? చాలా ఏళ్లు దీనికి సరైన జవాబు లేదు. 1930లలో మెల్‌బోర్న్‌లో ఇయాన్ వార్క్ నునుపు చేసిన ఖనిజం మీద బుడగను ఆనించి, అది ఎంత కోణంలో అతుక్కుంటుందో ఓపికగా కొలిచాడు. ఏ మందు ఏ ఖనిజాన్ని తేలుస్తుందో, ఏది అడ్డుపడుతుందో ఆ కొలతలతో ముందే చెప్పడం సాధ్యమైంది. పరిశోధనంటే ఎక్కువ రోజులు ఇలాంటి పనే. పేపర్లో ఫొటో రాదు. ఆ కొలత మాత్రం తర్వాతి తరాల చేతిలో పనిముట్టవుతుంది.

లోహం సంగతి ఇలా ఉంటే, మనిషి ప్రాణం సంగతి ఇంకా పెద్దది. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ బొగ్గు గనిలో పేలుడుకు 1,099 మంది బలయ్యారు. గాలిలో లేచిన బొగ్గుపొడి అంటుకుని, మంట సొరంగాల వెంట పరుగెత్తింది. రెండేళ్లకు ఇంగ్లండులో విలియం గార్‌ఫోర్త్ నేల మీదే ఇనుప సొరంగం కట్టి, అందులో బొగ్గుపొడిని కావాలని పేల్చి చూశాడు. రాతిపొడి చల్లిన చోట మంట ఆగిపోయింది. సింగరేణి బిడ్డలారా, మీ తాతలు తట్టాచెమ్మస్ పట్టి దిగిన బాయిల్లో దారి పొడవునా చల్లే తెల్లటి పొడి వెనక ఉన్నది ఆ ప్రయోగం. ప్రతి పేలుడు తర్వాతా ఎవరో ఒకరు కూర్చుని "ఎందుకు?" అని అడిగారు కాబట్టి ఎన్నో ఇళ్లలో సాయంత్రానికి మనిషి తిరిగొచ్చాడు. కప్పు కూలే ముందు రాయి ఇచ్చే సూచనలను పట్టుకునే పని ఇంకా పూర్తికాలేదు. ఆ పని మీది.

ఇదంతా తెల్లవాళ్ల చరిత్ర అనుకుంటే హైదరాబాద్ మౌలాలి వైపు చూడండి. 1971లో అక్కడ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వెలసింది. లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్ తీర్చిదిద్దిన తరం, ఆ కాంప్లెక్స్‌ను నడిపిన ఎన్. కొండల్‌రావు లాంటివారు తలకెత్తుకున్న పని ఇది: సముద్రపు ఇసుకలోని జిర్కాన్ నుంచి అణు రియాక్టరుకు పనికొచ్చే గొట్టం తయారుచేయడం. జిర్కోనియంను వీడని తోడు హాఫ్నియం. రెండూ రసాయన గుణాల్లో కవలలు. అయితే హాఫ్నియం న్యూట్రాన్లను 500 రెట్లకు పైగా ఎక్కువ మింగేస్తుంది. అది పదివేల పాళ్లలో ఒక పాలు లోపుకి తగ్గితే తప్ప గొట్టం పనికిరాదు. ఇసుకను క్షారంతో కరిగించి, నైట్రిక్ ఆమ్లంలోకి దించి, కిరసనాయిల్లో కలిపిన ద్రావకంతో ఒకదాన్ని లాగి మరొకదాన్ని వదిలేస్తారు. తర్వాత మెగ్నీషియంతో క్షయకరణం చేసి లోహపు స్పాంజి తీసి, శూన్యంలో కరిగించి, సాగదీసి, గోడ మందం అర మిల్లీమీటరు కూడా లేని గొట్టం చేస్తారు. ఒక్క సన్నటి పగులు ఉండకూడదు. ఈ విద్యను పరాయి దేశాలేవీ మనకు పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. మన ఊరి చదువులు చదివినవాళ్లే నిలబెట్టారు.

ఇక మన గుట్టల సంగతికి వద్దాం. కడప సీమలో మంగంపేట ముగ్గురాయికి ప్రపంచంలోనే పేరుంది. మేలిరకం ఓడలెక్కిపోతుంది, నాసిరకం గుట్టలుగా మిగులుతుంది. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. తెలుగువాళ్లు, తమిళులు తరతరాలుగా చెమటోడ్చిన ఆ ఊళ్లో సయనైడ్ దిబ్బలు, వాటిలో మిగిలిన బంగారం అక్కడే ఉన్నాయి. కొరాపుట్ దామంజోడిలో టన్ను అల్యూమినా తీస్తే టన్నుకు పైగా ఎర్రబురద వస్తుంది. అందులో ఇనుముంది, టైటానియముంది. ఇలా వదిలేసిన బురద ఊరుకోదు కూడా. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో గని వ్యర్థాల కట్ట తెగి సుమారు 270 మంది ప్రాణాలు పోయాయి.

మన్యంలో బాక్సైట్ తవ్వొద్దని ఆదివాసులు కొండకు అడ్డంగా నిలబడ్డప్పుడు, వాళ్ల గోడు నాకు న్యాయంగానే తోచింది. లోహం లేకుండా బతకలేమన్నదీ నిజమే. ఈ రెండింటి మధ్య దారి వేయగలిగినవాళ్లు మీరే. ఇప్పటికే తవ్విపోసిన దానిలోంచి మీరు రాబట్టే ప్రతి టన్నూ కొత్తగా తవ్వాల్సిన రాతిని అంత తగ్గిస్తుంది. అలా కొన్ని కొండలైనా మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోలిక వద్దు. బిడ్డల్లారా, ఈ పనికి మీలో పదిమంది చాలు, కానీ ఆ పదిమంది కచ్చితంగా కావాలి.

మొదలెక్కడ అంటారా? 1940లలో పియెర్ గీ అనే ఇరవై దాటిన ఫ్రెంచి కుర్రాణ్ని కాంగోలోని ఒక సీసం గనికి పంపారు. అక్కడ రెండు లక్షల టన్నుల నాసిరకం ఖనిజం గుట్టపడి ఉంది. ఇందులో సీసమెంతో చెప్పమన్నారు. ఎన్ని చోట్ల, ఎంతెంత తీసి చూస్తే గుట్టంతటి గురించీ నమ్మకంగా చెప్పగలం? ఈ ప్రశ్న అతన్ని జీవితమంతా వదల్లేదు. నమూనా సేకరణకు ఇవాళ ప్రపంచం వాడే సిద్ధాంతం అతనిదే. మీరూ అక్కడే మొదలుపెట్టండి. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి దగ్గర్లో గనో, క్వారీయో, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీయో ఉంటే మేనేజరు అనుమతి అడిగి గుట్ట దగ్గరికి వెళ్లండి. పైపైన గుప్పెడు ఎత్తుకురాకండి. నాలుగు వైపులా, అడుగునా, మధ్యలో తీయండి. కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పాళ్లు ఉంచుకుని మిగతా రెండూ తీసేయండి. సంచీకి సరిపడేంత మిగిలేదాకా అలాగే చేయండి. సంచీ మీద తేదీ, చోటు రాసి కాలేజీకి తెచ్చి, జల్లెడ పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, మీ మాస్టారి గది తలుపు తట్టండి.