బి.ఎస్సీ. అయిపోయింది, ఇక సంబంధాలేనా?

డిగ్రీ ఫలితాలు వచ్చాక కలిదిండి చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల ఉన్న ఇంట్లో వినిపించే మాట ఒకటే. "అమ్మాయికి బి.ఎస్సీ. అయిపోయిందిగా, సంబంధాలు చూస్తున్నారా?" అవే మార్కులు వచ్చిన మగపిల్లవాణ్ణి మాత్రం "తర్వాత ఏం చదువుతావురా?" అని అడుగుతారు.

దారులు లేక కాదు. పీజీసెట్ రాస్తే ఎమ్మెస్సీ, ఎడ్‌సెట్ రాస్తే బి.ఎడ్., ఐసెట్ రాస్తే ఎంసీఏ. ఇంట్లో ఒప్పుకునేది మాత్రం ఎక్కువగా బి.ఎడ్.కే. టీచరుద్యోగం ఇంటిపనికి అడ్డం రాదన్నది దాని వెనకున్న లెక్క. 2015 నుంచి ఆ చదువు రెండేళ్లయింది. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ నియామకాలు జరిగింది 2025లో. ఈలోగా ఎందరు పెళ్లిళ్లయి, పిల్లల తల్లులై పుస్తకాలు అటకెక్కించారో!

ఎమ్మెస్సీ సంగతి చూద్దాం. 2020 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. కావాలంటే విశాఖో, గుంటూరో వెళ్లి యూనివర్సిటీలో చదువుకోమన్నట్టే. మగపిల్లవాడు పెట్టె సర్దుకుని వెళ్తాడు. మన ఆడపిల్లలకు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరగలిగే కాలేజీ ఉంటేనే చదువు. ఆ జీవోలో ఆడ, మగ అన్న మాటే లేదు. నష్టం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

1933లో బొంబాయిలో బి.ఎస్సీ. ప్రథమంగా పాసై బెంగుళూరు సైన్స్ సంస్థకు దరఖాస్తు పెట్టుకున్న కమలా భాగవత్‌ను స్త్రీ అన్న కారణంతోనే సి.వి. రామన్ వద్దన్నారు. ఆమె పట్టువదలక, షరతుల మీద చేరింది. 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ సాధించింది. ఆమెను సంస్థ గుమ్మం దగ్గర ఆపారు. మన పిల్లలు సొంత ఇంటి గుమ్మమే దాటలేకపోతున్నారు.

నాకు మరీ కోపం తెప్పించేది చెరువుల సంగతి. కలిదిండి మండలంలో ఎటు చూసినా చేపల, రొయ్యల చెరువులే. నీళ్లలో ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత, రొయ్యపిల్లలో తెల్లమచ్చల వైరస్ ఉందా లేదా చూడాలి. ఇదంతా మన పిల్లలు మూడేళ్లు చదివిన రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రమే. అయినా మోటారుసైకిలు మీద గట్ల వెంట తిరిగి సలహాలు చెప్పేది మగవాళ్లు. ఐసులో చేతులు కొంకర్లు పోయేలా రొయ్యల తలలు తీసేది ఆడవాళ్లు.

"చెరువుగట్టుకి ఆడపిల్లని ఎలా పంపుతామండీ?" అంటారు. తెల్లారకముందే వ్యానుల్లో కుక్కి ప్రాసెసింగ్ ప్లాంట్లకు తీసుకెళ్లే కూలీ స్త్రీల భద్రత గురించి ఈ పెద్దలకు ఎప్పుడూ బెంగ కలగలేదు. పైగా నీటి పరీక్ష జరిగేది గదిలో, పగటిపూట. అక్కడ వేధింపులు ఎదురైతే 2013 చట్టం ఉంది. పదిమంది లోపు పనిచేసే ల్యాబ్ అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ విషయం మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు.

కాబట్టి ఈసారి ఫలితాలకు ముందే కలిదిండి, కైకలూరుల్లోని ల్యాబులకు వెళదాం. ఎంతమంది స్త్రీలను పెట్టుకున్నారో, ఎంత జీతమిస్తున్నారో అడిగి రాసుకుందాం. పీజీ పిల్లల ఫీజు, బస్సు వేళలు, కైకలూరులో అమ్మాయిల హాస్టలు అన్న మూడు విషయాలూ కలిపి కలెక్టరుకు అర్జీ పెడదాం. అర్జీ మీద మొదటి సంతకాలు ఆ అమ్మాయిలవే ఉండాలి, వాళ్ల నాన్నలవి కాదు.