ఫార్సీలో అరబీ మాటలు: ఇరాన్ వాదనలో మన ఇంటి సంగతి

2025 నవంబరులో టెహ్రాన్ నడిబొడ్డున ఒక విగ్రహం పెట్టారు. సాసానీ చక్రవర్తి మొదటి షాపూర్ ముందు రోమ్ చక్రవర్తి వలేరియన్ మోకరిల్లి ఉన్నట్టు చెక్కిన విగ్రహం అది. క్రీ.శ. 260 నాటి ఆ గెలుపు, ఇరాన్‌కు ఇస్లాం రావడానికి దాదాపు 400 ఏళ్ల ముందటిది. యుద్ధం దెబ్బ తిన్న ఏడాదిలో, ఇస్లామిక్ రిపబ్లిక్ తన ప్రజలకు ఇస్లాం ముందటి రాజును గుర్తు చేసింది. అయితే విగ్రహం నిలబెట్టిన కూడలి పేరు మాత్రం ‘ఇంఖిలాబ్’. అంటే విప్లవం. ఆ మాట అరబీ నుంచి వచ్చింది.

ఇరాన్‌లో వందేళ్లుగా నడుస్తున్న గొడవ అంతా ఈ ఒక్క కూడలిలో కనిపిస్తుంది. మనం అసలు ఎవరం? మన ఫార్సీలో ఇన్ని అరబీ మాటలు ఎందుకున్నాయి? వాటిని తీసేస్తే మనం ‘అసలైన’ ఇరానీలం అవుతామా?

బల్దియాను ఎవరు తీసేశారు?

7వ శతాబ్దంలో అరబ్బుల చేతిలో సాసానీ రాజ్యం కూలిపోయింది. తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు పాలన, చదువు, రాతకోతలు ఎక్కువగా అరబీలోనే సాగాయి. 9, 10వ శతాబ్దాల్లో ఫార్సీ మళ్లీ లేచి నిలబడింది. అరబీ లిపిలో, బోలెడన్ని అరబీ మాటలతో, కానీ తన సొంత వ్యాకరణంతో. 1010లో ఫిర్దౌసీ పూర్తి చేసిన షాహ్‌నామాలో అరబీ మాటలు చాలా తక్కువ. అందుకే ‘శుద్ధ ఫార్సీ’ కోరేవాళ్లకు ఆయన ఇప్పటికీ హీరో. కానీ ఆ గ్రంథంలోనూ అరబీ మాటలు వందల్లో ఉన్నాయి.

ఏరివేత సర్కారీ పని అయింది రెజా షా కాలంలో. 1935లో ఆయన ‘ఫర్హంగిస్తాన్’ అనే భాషా అకాడమీ పెట్టించారు. ఆ కాలంలో న్యాయశాఖకు ఉన్న ‘అద్లియా’ పోయి ‘దాద్‌గుస్తరీ’ వచ్చింది. మునిసిపాలిటీకి ఉన్న ‘బలదియా’ పోయి ‘షహర్‌దారీ’ వచ్చింది. విమానానికి ‘తయ్యారా’ పోయి ‘హవాపైమా’ వచ్చింది.

బలదియా అంటే హైదరాబాద్‌వాళ్లకు వేరే చెప్పాలా? టెహ్రాన్ ఇంటి నుంచి గెంటేసిన మాట, ఇక్కడి తెలుగు పేపర్లలో ‘బల్దియా’గా రోజూ అచ్చవుతోంది. చెత్త బండి రాకపోతే మనం తిట్టుకునేది ఆ పేరుతోనే!

వతన్ కూడా అరబీయే

కొత్త మాటలు చాలావరకు నిలిచాయి, అది ఒప్పుకోవాలి. కానీ ఏరివేత ఒక చోట ఆగిపోయింది. దేశభక్తి గురించి మాట్లాడాలంటే కావాల్సిన ‘వతన్’, ‘మిల్లత్’ రెండూ అరబీవే. చివరికి ‘ఫార్సీ’ అనే పేరు కూడా అంతే. అరబీలో ‘ప’ లేదు కాబట్టి ‘పార్సీ’ కాస్తా ‘ఫార్సీ’ అయింది. ఏరివేత చేయించిన రాజు పేరు ‘రెజా’ అరబీ. అకాడమీ మొదటి అధ్యక్షుడు ముహమ్మద్ అలీ ఫరూగీ పేరులోనూ అరబీయే. ఆయనే, తొందరపడి మాటలు ఏరి పారేయొద్దని హెచ్చరించారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫార్సీలోకి వచ్చిన అరబీ మాట అరబీగా ఉండిపోలేదు. అరబ్బులకు ఈరోజు ‘ఇంఖిలాబ్’ అంటే ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర. విప్లవాన్ని వాళ్లు ‘థౌరా’ అంటారు. ‘మిల్లత్’ అరబీలో మత సమాజం, ఇరాన్‌లో జాతి. మాట అక్కడిదే, అర్థం మాత్రం ఇరాన్ సంపాదించుకున్నది.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు కూడా. అరబీకి మొదటి పూర్తి వ్యాకరణం రాసిన సీబవైహ్ 8వ శతాబ్దపు ఇరానీ. అరబ్బులు టీచర్‌ను పిలిచే ‘ఉస్తాద్’ ఫార్సీ నుంచి వెళ్లింది. మనం దువాలో అడిగే జన్నతుల్ ఫిర్దౌస్‌లోని ‘ఫిర్దౌస్’ మూలం పాత ఇరానీ భాషల్లో ఉందని భాషా పండితులు చెబుతారు. 1505లో మరణించిన ఇమాం సుయూతీ, ఖుర్ఆన్‌లో ఇతర భాషల మూలం ఉన్న పదాల మీద ఒక పుస్తకమే రాశారు. ఆయన ఈమాన్‌కు దానివల్ల ఏ లోటూ రాలేదు.

1979 తర్వాత

విప్లవం తర్వాత గాలి మారింది. రాజ్యాంగం 15వ అధికరణం ఫార్సీని అధికార భాష చేసింది. 16వ అధికరణం, ఫార్సీ సాహిత్యంలో అరబీ పూర్తిగా కలిసిపోయింది కాబట్టి ప్రాథమిక విద్య తర్వాత అరబీ నేర్పాలని చెప్పింది. కొత్త అకాడమీ ఎక్కువగా ఇంగ్లిష్ మాటల మీద పడింది. ఎస్ఎంఎస్‌కు పెట్టిన ‘పయామక్’ జనం నోట్లో బాగా నిలిచింది. పిజ్జాకు పెట్టిన పేరు జోక్‌గా మిగిలింది.

కానీ వీధిలో పాత ప్రశ్న చావలేదు. ప్రభుత్వం మీద కోపం ఉన్న యువతలో కొందరు ఆ కోపాన్ని అరబీ మాటల మీద చూపిస్తున్నారు. 1979 నినాదం ‘ఇస్తిఖ్లాల్, ఆజాదీ, జమ్హూరీ-ఎ-ఇస్లామీ’. 2022 నినాదం ‘జన్, జిందగీ, ఆజాదీ’. ఇది కుర్దు భాషలోంచి ఫార్సీకి వచ్చింది. మొదటిదాంట్లో అరబీ ఎక్కువ, రెండోదాంట్లో అసలు లేదు. రెండింటిలోనూ ఉన్నది ‘ఆజాదీ’ ఒక్కటే. మరి ఆ స్వేచ్ఛ ఇంకా దొరకలేదంటే, తప్పు నిఘంటువుదా?

మన ఇంట్లో

ఇరాన్ గొడవ మనకెందుకు అంటారా? మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నానీ ఫోన్ పెట్టేసేటప్పుడు ‘ఖుదా హాఫిజ్’ అంటుంది. మొన్న ఈద్‌కు వచ్చిన మా కజిన్, “నానీ, అల్లాహ్ హాఫిజ్ అనండి, ఖుదా మన మాట కాదు” అన్నాడు. నానీ ఏమీ అనలేదు. కానీ ఆ రోజంతా ఎవరికి వీడ్కోలు చెప్పాల్సి వచ్చినా ఒక్క క్షణం తడబడింది.

అల్లాహ్ హాఫిజ్ అనేవాళ్ల నియ్యత్‌ను నేను తప్పుపట్టను. కానీ అరబ్బులు విడిపోయేటప్పుడు అనేది ‘మఅస్సలామా’. అల్లాహ్ హాఫిజ్ మన ఉపఖండంలో తయారైనదే. ఇక ఫార్సీ మాటలు వద్దంటే ‘నమాజ్’, ‘రోజా’ కూడా వదలాలి. అవి ఫార్సీవే. అరబీలో అవి సలాత్, సౌమ్. శతాబ్దాలుగా ఉలమా తమ తర్జుమాల్లో ‘ఖుదా’ అని రాశారు. ఇరాన్‌లో కొందరు అరబీని ఏరుతున్నారు, మన ఇళ్లలో కొందరు ఫార్సీని ఏరుతున్నారు. మాట పుట్టిన ఊరు చూసి మనిషికి మార్కులు వేయడం రెండు చోట్లా ఒకటే.

బయట మనకు ఎదురయ్యేది ఇంకో రకం. ‘మీ మాటలు ఇక్కడివి కావు’ అంటారు. నేను చదివింది బీకాం. పద్దుల పుస్తకం తీస్తే ‘జమ’, ‘ఖర్చు’, ‘బాకీ’, ‘వసూలు’ అరబీ మూలంవి, ‘అప్పు’ అచ్చ తెలుగు. ఏ షావుకారూ వీటిని విడదీసి లెక్క రాయలేదు. బడిలో ‘హాజరు’ పట్టీ చూడండి. అరబీలో అది ‘హాదిర్’. ఫార్సీ నోట్లో ‘ద’ శబ్దం ‘జ’ అయి, మన దగ్గరికి హాజరుగా వచ్చింది. ‘రమదాన్’ మనకు ‘రంజాన్’ అయిందీ ఆ దారిలోనే. ‘రైతు’ కూడా అరబీ ‘రఇయ్యత్’ నుంచి వచ్చిందే. ఆ మాట లేకుండా తెలుగు పేపర్ ఒక్క రోజైనా వస్తుందా?

మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం ఇల్మ్. దాన్నిబట్టి మనిషి ఎక్కడివాడో తీర్పు చెప్పడం వేరే పని. ఇరాన్ వందేళ్లు ప్రయత్నించింది. మాటలు మారాయి, ‘మనం ఎవరం’ అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఈ వారం నానీకి ఫోన్ చేశాను. పెట్టేసే ముందు నేనే ‘ఖుదా హాఫిజ్’ అన్నాను. ఆమె నవ్వి, ఈసారి తడబడకుండా అదే తిరిగి చెప్పింది.