డేటా మీటరు చూసే హక్కు మనకు లేదా?

హైదరాబాద్ శివారు అలియాబాద్ చౌరస్తాలో నాదో చిన్న జిరాక్స్, నెట్ సెంటరు. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పని వెతుక్కునే పిల్లలు రెజ్యూమేలు తీయించుకునేది ఇక్కడే. షాపు గోడకు కరెంటు మీటరుంది. రీడింగు తీసే ఆయనతోపాటు నేనూ అంకె చూస్తా. ఇంటర్నెట్‌కు ఆ భాగ్యం లేదు. కోటా అయిపోయిందని మెసేజి వస్తుంది, స్పీడు పడిపోతుంది. ఫోన్ చేస్తే వాళ్ల స్క్రీన్ మీదున్న అంకె చదివి వినిపిస్తారు.

నిజానికి మీటరు మన ఇంట్లోనే ఉంది. చాలా వైఫై రౌటర్లలో నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. ప్రతి ఇంటర్‌ఫేస్‌లో ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో అది ఎవరూ అడక్కుండానే లెక్క రాస్తుంటుంది. ఆ లెక్క చూపించే రౌటరు పేజీ పాస్‌వర్డే చాలాచోట్ల కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గరుంటుంది.

అందుకే పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, షాపు లైను మొత్తం దాని గుండా పంపిస్తున్నా. రీస్టార్ట్ చేస్తే లినక్స్ రాసిన లెక్క సున్నా అవుతుంది కాబట్టి వీఎన్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాం రోజువారీ, నెలవారీ దాచిపెడుతుంది. కంపెనీ 100 జీబీ అన్నచోట ఇది 93 చూపించొచ్చు. అందులో మోసమేం లేదు, వాళ్లు వెయ్యితో హెచ్చవేస్తే ఇది 1,024తో వేస్తుంది. పాత పరికరాల్లో ఇంకో తిరకాసుంది. 32 బిట్ల లెక్క 4,294,967,295 బైట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ లైను నిండుగా పారితే అందుకు ఆరు నిమిషాలు కూడా పట్టదు.

ప్యాకెట్ల లోపలికి తొంగిచూసే టీసీపీడంప్ అనే ప్రోగ్రాం కూడా ఉంది, 1988 నాటిది. షాపులో దాని జోలికి పోను. నన్ను నమ్మి ఆధార్, పాస్‌బుక్కు చేతికిచ్చేవాళ్లు ఏ సైటు చూస్తే నాకెందుకు? ఎంత వాడారో తెలిస్తే చాలు.

2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస స్పీడును 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. స్పీడుకు హద్దు గీసినవాళ్లు లెక్కకూ గీయొచ్చు కదా. కంపెనీలు బిగించే ప్రతి రౌటరులో వాడకం అంకెలు కస్టమరుకు కనబడేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టాలి. సెట్టింగులు మార్చే అధికారం అక్కర్లేదు, చూడనిస్తే చాలు. కరెంటు పోయి వచ్చినా ఆ అంకెలు చెరగకూడదు. జీబీ అంటే వెయ్యి లెక్కా, 1,024 లెక్కా అన్నది బిల్లు మీదే అచ్చు వేయాలి.