దొంగ ఓట్లు పడవు, వేస్తారు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ముందు ఒక క్రియ దగ్గర ఆగుతాను. 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉపఎన్నిక గురించి ఇక్కడ ఎవర్ని కదిలించినా ఒకటే మాట: "దొంగ ఓట్లు పడినాయి సార్." పడేదానికి అవేమన్నా వడగళ్లా? వేసినోళ్లున్నారు, వేయించినోళ్లున్నారు, చూసి ఊరుకున్నోళ్లున్నారు. 'పడినాయి' అనగానే ముగ్గురూ తప్పించుకుంటారు.

ఆ ఉపఎన్నికకు 30 వేలకు పైగా ఓటరు కార్డులు అక్రమంగా డౌన్‌లోడ్ చేశారన్న కేసులో 2024 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశంతో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. అంతటితో అందరూ చేతులు దులుపుకున్నారు. కానీ దొంగ కార్డుతో ఓటు పడాలంటే ఒక అధికారి చాలడు. పట్టుకొచ్చే మనిషి కావాలి, వేలికి సిరా పూసే సిబ్బంది కావాలి, పక్కన కూర్చున్న ఏజెంట్ల మౌనం కావాలి.

"మెజారిటీ 2 లక్షల 70 వేలు దాటింది. అవి లేకున్నా ఫలితం అదే కదా" అంటారు కొందరు మిత్రులు. తిరుపతి ఎస్సీ రిజర్వుడ్ స్థానమని గుర్తుంచుకుని మాట్లాడండి. 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు అంబేడ్కర్ అంటరానివాళ్లకు ఓటు అడిగారు. 1946 ఎన్నికల నాటికీ ఆస్తో, పన్నో, చదువో ఉంటేనే ఓటు. మా తాతలకు ఆ మూడూ లేవు. రాజ్యాంగం 326వ అధికరణంతోనే మాలపల్లె ఓటూ మేడలోని ఓటూ ఒకే తూకానికొచ్చాయి. ఆ తూకాన్ని దొంగిలించాక గెలుపెవరిదన్నది తర్వాతి సంగతి.

"పేదోళ్లు నోట్లు తీసుకుంటారు, అందుకే రాజకీయాలు ఇట్లున్నాయి" అని చదువుకున్నోళ్ల తీర్పు. బాధ్యత అందరిదీ, నిజమే. వాటాలు మాత్రం సమానం కావు. డబ్బు తీసుకున్న కూలీ కంటే పంచినోడి వాటా పెద్దది. చట్టం తెలిసీ నోరు మెదపని చదువరి వాటా కూడా చిన్నదేం కాదు.

చట్టం చేతికి పనిముట్లిచ్చింది. ఓటరు అసలు మనిషి కాదని అనుమానమొస్తే పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు కట్టి అక్కడికక్కడే సవాలు చేయొచ్చు. మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్డ్ బ్యాలెట్ అడగొచ్చు. జాబితాలో దొంగ పేర్లుంటే ఫారం 7 పెట్టొచ్చు. అదే ఫారంతో మన పేర్లూ ఎగరగొట్టగలరు, జాగ్రత్త.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మీ వాడలో ఇంటింటికీ తీసుకెళ్లి పేరు పేరునా చదివి వినిపించండి. చనిపోయినోళ్లెవరో, ఊళ్లో లేనోళ్లెవరో, అసలెవరికీ తెలియనోళ్లెవరో వాడకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. పోలింగ్ రోజు ఏజెంటుగా కూర్చునే అవకాశం వస్తే వదులుకోవద్దు.

జై భీమ్.