అద్దె యిండ్ల తనిఖీ

యానాములో ఇల్లు అద్దెకిచ్చిన యజమానులు తమ యింటి గడపను ఏడాదికి ఎన్నిమారులు త్రొక్కుచున్నారు? కొందరు అద్దె పెంచవలసినపుడు మాత్రమే వత్తురు. కొందరు పుదుచ్చేరిలోనో, హైదరాబాదులోనో, ఫ్రాన్సులోనో కాపురముండి, అద్దె బ్యాంకులో పడుచున్నంతకాలము ఇల్లు క్షేమముగనే యున్నదని తలంతురు. వర్తకమున నున్న మాబోటివారికి ఈ నిశ్చింత వింతగా దోచును. కొట్టులోని బియ్యపు బస్తాలను అప్పుడప్పుడు కదలించి చూడనివాడు పురుగుపట్టిన తరువాత ఎవరిని నిందింపగలడు?

మన యూరు గౌతమీ తీరమున, కోరంగి పాయ చెంత నున్నది. సముద్రమును దూరము కాదు. ఉప్పుగాలియు తేమయు సన్నని సందులగుండ దిగి శ్లాబులోని ఇనుప చువ్వలను పట్టును. త్రుప్పు అసలు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక సిమెంటును లోపలినుండి చీల్చుకొని వచ్చును. మొదట వెండ్రుకవంటి బీట, దాని వెంట గోధుమరంగు చార, పిమ్మట పెచ్చులూడుట, తుదకు సజ్జ కూలుట. బీటనాడే చూచినచో కొలది ఖర్చుతో తీరిపోవు పని యది. చూడనినాడు ఆ సజ్జ క్రింద ఆడుకొనుచున్న పిల్లలు యజమాని పిల్లలు కారన్న మాట ఎవరికి ఊరట?

పెంకుటిండ్ల భయము వేరు. దూలపు కొన గోడలో నాని చెదపట్టుట పైకి కనబడదు. 1996 నవంబరు తుపానును చూచినవారికి వదలిన పెంకును, మేకు ఊడిన రేకును గాలి యేమి చేయునో చెప్పనక్కరలేదు. 2022 జూలైలో గోదావరి వరద మన వీధులలోనికి వచ్చినది. అట్టి నీరు తీసిన తరువాత గోడలు బాగుగనే యుండును. పునాది ప్రక్క మన్ను కోసికొనిపోయినదా, నేలకు దగ్గరగా నున్న కరెంటు ప్లగ్గులలో బురద చేరినదా యనునది వంగి చూచినగాని తెలియదు. కావున మృగశిర కార్తెకు ముందొకసారియు, కార్తికము వెళ్లిన పిమ్మట నొకసారియు ఇల్లు చూడవలెను. దూరమున నున్నవారు నమ్మకమైన బంధువునో మేస్త్రీనో నియమింపవలెను.

అయితే తనిఖీ యనగా దాడి కాదు. చెప్పక పెట్టక వచ్చి వంటయింటివరకు నడచిపోవు యజమానులను మేమెరుగుదుము. అద్దె చెల్లించువారికి ఆ యిల్లు తమ యిల్లే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 108వ సెక్షనులో, యుక్తమైన వేళలలో లోనికి వచ్చి చూచు హక్కును యజమాని కిచ్చినది. అద్దెదారు వలన కలిగిన చెరుపును తెలియజేసిన మూడు నెలలలో అతడు బాగుచేయవలెననియు చెప్పినది. కాని యజమాని తాను చేయవలసిన మరమ్మతును, నోటీసు అందిన పిమ్మట తగిన కాలములో చేయనిచో, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చుననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. ఈ రెండవమాట మన యజమానులలో ఎందరి చెవిని పడినదో! 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టము 24 గంటల ముందు నోటీసు కోరుచున్నది. అది మాదిరి చట్టమే యైనను, ముందుగ చెప్పి పోవు మర్యాదకు ఎవరి ఉత్తరువు కావలెను?

ఫ్రెంచివారి 1804 నాటి సివిల్ కోడులో ఇల్లు అప్పగించునాటి స్థితిని కాగితమున వ్రాసికొను పద్ధతి కలదు. అట్టి కాగితము లేనియెడల, వేరు రుజువు చూపనంతవరకు, అద్దెదారు ఇంటిని మంచి స్థితిలోనే పుచ్చుకొన్నట్లు ఆ కోడు భావించును. 1954లో ఫ్రెంచి పాలన పోయినది. ఈ మంచి పద్ధతికి కూడ ఓడ యెక్కవలసిన పనిలేదు. తలుపులు, కుళాయిలు, స్విచ్చులు, గోడల చెమ్మ, అన్నియు గదివారీగా వ్రాసి, ఫోనులో ఛాయాచిత్రములు తీసి, ఇరువురును సంతకములు చేసి చెరియొక ప్రతి ఉంచుకొన్నచో, ఖాళీచేయునాడు అడ్వాన్సు కొరకు వీధిని పడు తగవులు చాలవరకు తప్పును.

ఆ కాగితము తెలుగున నుండవలెనని మా పట్టుదల. 1965 నాటి అధికారభాషా చట్టము యానామున తెలుగునకు చోటిచ్చినది. అయినను ఇంగ్లీషు అచ్చుకాగితముపై చదువకయే చేవ్రాలు చేయు ఇరుపక్షములవారిని ఇప్పటికిని చూచుచున్నాము. చదువరానిదానిపై సంతకము చేసిన అద్దెదారు తన బాధ్యతను ఎట్లు తెలిసికొనును? యజమాని మాత్రము తన బాధ్యతను తెలిసి సంతకము చేసెనా?

తనిఖీలో కనబడిన లోపములను యజమాని తన మనసున దాచుకొని పోరాదు. అద్దెదారు ఎదుటనే చదివి వినిపించి, మేస్త్రీ వచ్చు తేదీని కూడ ఆ కాగితముననే వ్రాయవలెను.