ఇంటిపేరు తెలిస్తేనే... ఎర పారేది!

మాచర్ల, గురజాల, నరసరావుపేట... పల్నాడులో ఏ పత్తి రైతు దగ్గరైనా కాయతొలుచు పురుగు మాటెత్తితే చాలు, ముఖం చిన్నబోతుంది. అయితే ఆ పేరు ఒక్క పురుగుది కాదు. శనగపచ్చ పురుగు వేరు, గులాబీ రంగు పురుగు వేరు. శాస్త్రవేత్తల లెక్కలో మొదటిది నాక్టుయిడే కుటుంబం, రెండోది జెలికియిడే.

శనగపచ్చ రెక్కల పురుగు రెక్కలు చాపితే నాలుగు సెంటీమీటర్లదాకా ఉంటుంది. దాని లద్దె పురుగు తల కాయలో పెట్టి, ఒళ్లు బయట ఉంచి తింటుంది. పత్తే కాదు... కంది, శనగ, టమాటా, ఏదైనా సరే. గులాబీ రంగుది అందులో సగం కూడా ఉండదు. పిల్ల పురుగుగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, వెనక రంధ్రం పూడుకుపోతుంది. పైకి కాయ నిక్షేపంలా కనిపిస్తుంది. పగిలాకే గుడ్డి పత్తి బయటపడుతుంది. లోపలున్న పురుగుకు పైన కొట్టిన మందు తగలదు.

దీని పేరుకూ ఓ కథుంది. గుజరాత్‌లోని భరూచ్ పత్తి నుంచి వెళ్లిన నమూనాలు చూసి, శాండర్స్ అనే ఆంగ్లేయుడు 1843లో 'డిప్రెస్సేరియా గాసిపియెల్లా' అని పేరు పెట్టాడు. అమెరికాలో ఆగస్ట్ బస్క్ అనే శాస్త్రవేత్త 1917లో ఇంటిపేరు మార్చి 'పెక్టినోఫోరా' అన్నాడు. చిత్రంగా అదే ఏడాది టెక్సస్ పొలాల్లో ఈ పురుగు కనిపించింది. దాంతో శతాబ్దం పోరాడిన అమెరికా, 2018లో తమ పత్తి పొలాల్లో అది లేదని ప్రకటించింది. బీటీ విత్తనం, లింగాకర్షక ఎరలు, పంట మోళ్లు దున్నేయడం, సంతానం కలగని రెక్కల పురుగుల్ని విమానాల నుంచి వదలడం... అన్నీ కలిపి చేశారు.

మన దేశంలో 2002లో బీటీ పత్తి వచ్చాక శనగపచ్చ బెడద తగ్గింది. గులాబీ రంగుదేమో బీటీనే తట్టుకోవడం నేర్చింది.

అందుకే పేరు తెలియడం ముఖ్యం. లింగాకర్షక బుట్టలో ఒకదాని ఎర పెడితే రెండోది రాదు. గులాబీ రంగు పురుగు ఎరకు వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టే. పంట అయ్యాక పత్తికట్టెను చేలో ఉంచకూడదు, వచ్చే ఏటి పురుగు అందులోనే నిద్రపోతుంది.