మెక్వీన్ గారి గొట్టాల బండి

స్టీవ్ మెక్వీన్ అనగానే మీకు 'బులిట్' (1968)లో కారు ఛేజింగ్ గుర్తొస్తుంది. నా మనసు దోచింది మాత్రం ఆయనగారి 'బాజా బూట్'! రోడ్డే లేని చోట పరుగెత్తే బండి.

1967లో విక్ హికీ అనే ఇంజనీరు దీన్ని కట్టాడు. పాత కారుకి మెరుగులు దిద్దడం కాదు సుమండీ! ఉక్కు గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి, పంజరంలాంటి ఛాసిస్ తయారుచేసి, అందులో షెవర్లె వి-8 ఇంజను బిగించాడు. గొట్టాలే ఎందుకంటారా? బరువు తక్కువ, బలం ఎక్కువ. కానీ నలుచదరంగా కలిపితే కుదుపులకి పక్కకి ఒరిగిపోతుంది. ఏటవాలుగా ఇంకో గొట్టం వేసి త్రికోణం చేస్తే కదలదు. మన పందిళ్ళు వేసేవాళ్ళకీ తెలిసిన కిటుకే ఇది. అతుకు దగ్గర గొట్టం చివర చేపనోరులా కోసి, రెండోదాని ఒంపుకి సరిగ్గా కూర్చోబెట్టాలి. సందు వదిలేసి వెల్డింగుతో పూడిస్తే, బండి ఎగిరిపడ్డప్పుడు విరిగేది అక్కడే. లోపలున్నది ఎంత హీరో అయినా సరే, అక్కడ డూపు ఉండడు!

1969లో మెక్సికో ఎడారి రేసులో మెక్వీన్ స్వయంగా నడిపాడు, పూర్తిచెయ్యలేకపోయాడు. 2010లో ఆ బండిని వేలంలో కొన్నదీ సినిమా మనిషే. 'ది ఎక్స్‌టర్మినేటర్' (1980) దర్శకుడు జేమ్స్ గ్లికెన్‌హాస్. ఊరికే షెడ్డులో పెట్టుకోలేదు. కొత్త 'బూట్' కట్టించి 2019లో బాజా 1000కి పంపాడు. ఈసారి ఆఖరిదాకా పరుగెత్తింది.